హాజీ షౌకీకి ఒంట్లో బాగాలేదు

మొదటి అబద్ధం ఇన్సాఫ్ కావాలని ఆడలేదు. నది మీద గుళ్ళన్నీ చూపించే యాత్ర ఓడ ఇంకా లక్సర్ రేవు వదలలేదు. భోజనాల హాల్లో ఇద్దరికి వేసిన బల్ల ముందు ఆమె ఒక్కతే కూర్చుని రొట్టె తుంచుకుంటోంది. పక్క బల్ల నుంచి ఒక పెద్దావిడ కుర్చీ కిర్రుమనేలా ఇటు తిరిగి, ముందూ వెనకా పరిచయం లేకుండానే అడిగేసింది.

"మీ ఆయన ఏడమ్మాయ్? తిండికి రాడా?"

ఈ ప్రశ్నకు ఇన్సాఫ్ తన కాపురమంతా ఒకటే జవాబు చెబుతూ వచ్చింది. షౌకీ ఎక్కడికైనా ఆలస్యంగా వచ్చే మనిషి. పెళ్ళిళ్ళకు భోజనాలయ్యాక వచ్చేవాడు, సినిమాలకు సగం కథ అయ్యాక వచ్చేవాడు. ముందే వెళ్ళి కూర్చున్న ఇన్సాఫ్, వస్తున్నారు, వస్తున్నారు అని అందరికీ సర్దిచెప్పుకునేది. ఆ అలవాటు నాలుకను ఇంకా వదల్లేదు.

"గదిలో ఉన్నారండీ" అంది. అన్న మరుక్షణం నాలుక కరుచుకుంది. దాన్ని సర్దబోయి ఇంకోటి తగిలించింది. "ఒంట్లో కాస్త బాగాలేదు."

షౌకీ గదిలో లేడు. కైరోలో, షుబ్రా పేటలోని ఇంట్లోనూ లేడు. పోయి నాలుగేళ్ళయింది.

ఆ మాట అప్పుడే చెప్పేసి ఉంటే గొడవే లేకపోయేది. పెద్దావిడ అయ్యో అనేది, కాసేపు జాలిపడేది, ఆ తర్వాత ఏం మాట్లాడాలో తెలియక తన పళ్ళెం వైపు తిరిగిపోయేది. ఆ తిరిగిపోవడం ఇన్సాఫ్‌కు బాగా అలవాటు. ఎవరూ చెడ్డవాళ్ళు కారు, ఎవరి తొందర వాళ్ళది. పిల్లలు పుట్టలేదు. బడిలో ఉద్యోగం అయిపోయింది. షౌకీ పేరెత్తితే ఈవిడ ఏడుస్తుందేమోనని చుట్టాలు ఆ పేరెత్తడమే మానేశారు. ఏడవకుండా కాపాడారు, బాగానే ఉంది. ఆ పేరు చెవిన పడకుండా ఈమె ఎలా బతుకుతుందన్నది మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

ఒంట్లో బాగాలేదన్న మాట వినగానే పెద్దావిడ ముఖంలోకి ఎక్కడలేని కళ వచ్చింది. ఆమె ఊరు టాంటా. పెద్దకొడుకు పేరు వగ్దీ కాబట్టి ఊరంతా ఆమెను వగ్దీ వాళ్ళమ్మ అనే పిలుస్తుంది, సొంత పేరు ఆమెకే గుర్తుందో లేదో. ఆ కొడుక్కి టాంటాలో మందులషాపు ఉంది, అందుకని అతన్ని అందరూ డాక్టర్ అంటారు. అతనూ వద్దనడు. కొడుకు మందులిస్తే తల్లి కషాయాలిస్తుంది. ఇలాంటి కుటుంబం పక్కన కూర్చుని జబ్బు మాట ఎత్తడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

"ఏం జబ్బమ్మా? కడుపా? గుండెనా?"

"కళ్ళు తిరుగుతున్నాయంటున్నారు."

"ఉత్త కడుపుతో పడుకోబెట్టావా మరి? నువ్వేమో ఇక్కడ బాతు మాంసం లాగిస్తున్నావు!" అని కసిరి, గదుల పని చూసే బెషీర్‌ని కేకేసింది. "ఇదిగో అబ్బీ, ఈ అమ్మాయి గదికి సోంపు కషాయం పట్టుకెళ్ళు. చక్కెర తక్కువ. ఉడకబెట్టిన బంగాళాదుంప కూడా. పెద్దాయన పేరేంటమ్మా?"

"షౌకీ" అంది ఇన్సాఫ్. "హాజీ షౌకీ."

"హాజీ షౌకీ లేచి తిరగాలి, చెప్తున్నా. నేనుండగా పడకేయడం కుదరదు."

బెషీర్ అస్వాన్ వైపు మనిషి, మర్యాద ఎక్కువ. రోగి నిద్ర చెడగొట్టకూడదని పళ్ళేన్ని గుమ్మంలోనే అందించి, అడుగుల చప్పుడు కాకుండా వెళ్ళిపోయాడు. ఇన్సాఫ్ తలుపు వేసుకుంది. గదిలో రెండు మంచాలు. ఒకదాని మీద ఆమె సంచి. రెండోదాని మీద షౌకీ చారల పైజమా మడతపెట్టి ఉంది. దాన్ని ఎందుకు తెచ్చుకుందని అడిగే మనిషి ఎవరూ లేరు కాబట్టి ఆమె కూడా కారణం ఆలోచించుకోలేదు. ఆ మంచం చివర కూర్చుని, షౌకీ కోసం వచ్చిన సోంపు కషాయం తనే తాగింది. బంగాళాదుంప కూడా తిన్నది. ఎన్నో రోజుల తర్వాత ఆమెకు కడుపు నిండినట్టయింది.

తెల్లారి ఓడ ఎడ్ఫూలో ఆగింది. వేల ఏళ్ళనాటి గుడికి వెళ్ళడానికి గుర్రబ్బళ్ళు ఎక్కాలి. మెట్ల దగ్గరే వగ్దీ వాళ్ళమ్మ పట్టేసుకుంది.

"ఎలా ఉన్నాడు మనవాడు?"

మనవాడట! రాత్రి పుట్టిన చుట్టరికం. ఇన్సాఫ్‌కు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"కాస్త నయం. కషాయం మొత్తం తాగారు."

"చూశావా! నే చెప్పలా! ఉప్పగా ఏదైనా అడిగాడా?"

"ఊరగాయ అడిగారు. నేనివ్వలేదు."

"మంచిపని చేశావు. మగాళ్ళకు జబ్బు చేసినప్పుడే నాలుక పొడుగవుతుంది."

బండి ఊగుతూ పోతోంది. ఇన్సాఫ్ మాట్లాడుతూనే ఉంది. తను టీచరుగా చేసిన సంగతి చెప్పింది. ఊరగాయంటే ఆయనకు ఎంత పిచ్చో, నిమ్మకాయ ఊరగాయ జాడీ ఎక్కడ దాచినా ఎలా పట్టేసేవాడో చెప్పింది. పట్టేసేవారు అనకుండా పట్టేస్తారు అనడం మొదట్లో జాగ్రత్తగా చేసింది. గుడి దగ్గర దిగేసరికి జాగ్రత్త అక్కర్లేకపోయింది, మాట దానంతటదే వస్తోంది. బండివాడు కూడా వెనక్కి తిరిగి, మా నాన్నా అంతేనమ్మా అన్నాడు. ఇంత హాయిగా ఆమె నోరు విప్పి ఎన్నాళ్ళయిందో!

గుళ్ళో జనం రాతి డేగ పక్కన నిలబడి ఫోటోలు తీయించుకుంటున్నారు. పెద్దావిడ మాత్రం ఇన్సాఫ్‌ను చెయ్యి పట్టుకుని లోపలికంటా, గబ్బిలాల వాసన వేసే చీకటి గదిదాకా లాక్కెళ్ళింది. గడప మీద కూలబడి, మోకాళ్ళు రాసుకుని, అరచేతులు పైకెత్తింది.

"ఇది వేరేవాళ్ళ గుడి కదండీ" అంది ఇన్సాఫ్.

"కడితే కట్టుకున్నారు, పాపం వాళ్ళూ ఎవరికోసమో కట్టుకునుంటారు. వినేవాడు ఎక్కడున్నా వింటాడు. నువ్వు ఆమీన్ అను, చాలు." కళ్ళు మూసుకుంది. "దేవుడా, ఈ పిల్ల మొగుడు హాజీ షౌకీని లేపి నిలబెట్టు. ఊరికి వెళ్ళగానే సయ్యద్ బదవీ దర్గా ముందు బీదలకు వేడి అన్నం, మాంసం పంచుతా. నా చేత్తో వడ్డిస్తా."

భోజనాల బల్ల దగ్గర ఆడిన అబద్ధం వేరు, ఇది వేరు. పోయిన మనిషిని లేపి నిలబెట్టమని ఒక ముసలమ్మ మొక్కుకుంటోంది, తనేమో ఆమీన్ అనాలి. ఇప్పుడే కాళ్ళమీద పడి చెప్పేయాలనుకుంది. చెబితే నలుగురిలో తలెత్తుకోలేదు, అది సరే. అంతకంటే పెద్ద భయం ఇంకోటి ఉంది. ఈ ఓడ మీద షౌకీ బతికున్నాడు. కషాయం తాగుతున్నాడు, ఊరగాయ అడుగుతున్నాడు. నిజం చెబితే మళ్ళీ పోతాడు, ఈసారి ఆమె నోటితోనే పోతాడు.

"ఆమీన్" అంది ఇన్సాఫ్. మనస్ఫూర్తిగానే అంది.

మధ్యాహ్నం వగ్దీ బీపీ చూసే మిషన్ చంకలో పెట్టుకుని గది ముందు ప్రత్యక్షమయ్యాడు. నలభై దాటిన భారీ మనిషి, గుమ్మం నిండిపోయాడు.

"ఒక్క నిమిషం టీచరుగారూ. కళ్ళు తిరుగుతున్నాయంటే బీపీయే. చూసి పోతాను."

"ఇప్పుడే నిద్రపట్టింది బాబూ."

"పడుకున్నా చూడొచ్చండీ."

"కొత్తవాళ్ళను చూస్తే కంగారుపడతారు. సాయంత్రం చూద్దువుగాని." తలుపు సందుకు అడ్డంగా నిలబడింది. వగ్దీ ఆమె భుజం మీదుగా లోపలికి చూడబోయి, మర్యాద కాదని ఆగిపోయాడు.

"సాయంత్రం కోమ్ ఓంబో గుడి చూసి రాగానే, తప్పదు మరి. అమ్మ నన్ను నిలవనివ్వట్లేదు."

సాయంత్రం కోమ్ ఓంబో చేరేసరికి రేవంతా ఓడలే. వీళ్ళ ఓడకు ఒడ్డున చోటు దొరక్క, రెండు ఓడల పక్కన మూడోదిగా కట్టారు. ఒడ్డుకు వెళ్ళాలంటే ఆ రెండింటి హాళ్ళ గుండా నడిచి పోవాలి. గుడి రేవుకు ఎదురుగానే, గట్టు మీదే ఉంది. ఇన్సాఫ్ తలనొప్పి అని గదిలో ఉండిపోదామనుకుంది. పెద్దావిడ ఉండనివ్వలేదు.

"నా మోకాళ్ళు ఆ మెట్లెక్కలేవు, నేను ఉంటున్నాగా. మీ గదివైపు ఓ చెవి వేసి ఉంచుతా. రోగికి సేవ చేసేవాళ్ళకు కూడా గాలి తగలాలి. పోయి చూసిరా."

పోక తప్పలేదు. గుడిలో వగ్దీ ఆమెను ఒక గోడ దగ్గరికి తీసుకెళ్ళి, రాతిలో చెక్కిన పాతకాలపు వైద్యుల కత్తులూ పట్టకార్లూ చూపించి, మా వృత్తి ఎంత పాతదో చూడండి అన్నాడు. ఆ గుడి ఇద్దరు దేవుళ్ళది. మొసలి ముఖంవాడు ఒకడు, డేగ ముఖంవాడు ఒకడు. అందుకని రెండు వాకిళ్ళు, రెండు గర్భగుళ్ళు, అన్నీ జంటలే. ఇన్సాఫ్‌కు అవి చూడబుద్ధి కాలేదు. నదివైపు తిరిగి నిలబడింది. అప్పుడే వగ్దీ ఫోను మోగింది.

ఫోనులో తల్లి అరుపు పక్కనున్న ఇన్సాఫ్‌కు కూడా వినపడింది. "ఒరేయ్, తలుపు కొట్టి కొట్టి చేతులు పోయాయి, పలకలేదు! ఏమైపోయాడోనని బెషీర్ చేత తాళం తీయించా. లోపల పెద్దాయన లేడురా! మంచమ్మీద పైజమా ఉంది, మనిషి లేడు!"

వగ్దీ ముఖం పాలిపోయింది. "భయపడకండి టీచరుగారూ. కళ్ళు తిరిగే మనిషి, మిమ్మల్ని వెతుక్కుంటూ బయటికి వచ్చేసి ఉంటారు. ఓడలో లేరంటే ఇక్కడే ఉంటారు" అన్నాడు. ఇంకో మాట కూడా అతని నోటిదాకా వచ్చింది. ఓడకూ ఓడకూ మధ్యనున్న నీళ్ళవైపు ఒకసారి చూసి, దాన్ని మింగేశాడు.

"వగ్దీ, బాబూ, నా మాట విను..."

ఎక్కడ వింటాడు! అప్పటికే విరిగిపడిన స్తంభం మొదలు మీదికెక్కి నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నాడు.

"హాజీ షౌకీ గారూ!"

క్షణాల్లో గుడంతా అందుకుంది. ఓడలోంచి వచ్చిన కుటుంబాలు, గుడి కాపలాదారులు, టూరిస్టు పోలీసు, శాలువాలు అమ్మేవాళ్ళు, అందరూ తలో దిక్కూ పరిగెత్తారు. ఆడవాళ్ళు స్తంభాల వెనక తొంగిచూస్తున్నారు. "హాజీ షౌకీ!" "ఓ హాజీ గారూ!" "షౌకీ బాబాయ్, ఇటు రండి, మీవాళ్ళు ఇక్కడున్నారు!" ఎన్ని గొంతులో!

చెప్పేయాలని ఇన్సాఫ్ నోరు తెరిచింది. తెరిచి, అలాగే ఉండిపోయింది. నాలుగేళ్ళుగా గోడలకు తప్ప ఎవరికీ చెప్పుకోని పేరు అది. ఇప్పుడు గుడి ఆ చివర నుంచి ఈ చివరదాకా అదే మోగుతోంది. ఇంకొక్కసారి వింటాను, విని చెప్పేస్తాను అనుకుంది. విన్నది. ఇంకొక్కసారి అనుకుంది.

మా దేశంలో దారి అడిగితే తెలియదు అనే మనిషి దొరకడు. తెలియదనడం మొహమ్మీద తలుపు వేసినట్టని అందరి నమ్మకం. ఇక్కడా అదే జరిగింది. మధ్య ఓడలో పనిచేసే కుర్రాడు రొప్పుతూ వచ్చాడు.

"పెద్దాయనే కదా? మా హాల్లోంచే పోయాడండీ, ఇందాకే. సలాం కూడా చెప్పాడు."

శాలువాలమ్మే అతను అందుకున్నాడు. "నేనూ చూశా. పొడుగ్గా, సన్నగా ఉంటాడు. గుళ్ళో ఉన్న బావి వైపు పోయాడు. నెమ్మదిగా నడుస్తున్నాడు."

షౌకీ పొడుగ్గా, సన్నగానే ఉండేవాడు. ఇన్సాఫ్ అతని చేయి పట్టుకుంది.

"టోపీ ఉందా?"

"ఉందమ్మా, తెల్లటోపీ."

"చేతులు వెనక్కి పెట్టుకుని నడుస్తున్నారా?"

"అచ్చంగా అలాగే!"

ఇన్సాఫ్ బావివైపు నాలుగు అడుగులు వేసింది. నిజంగానే వేసింది. బుద్ధికి అన్నీ తెలుసు. తన చేతులతోనే ముసుగు కప్పి పంపిన మనిషి. అయినా కాళ్ళు కదిలాయి, కళ్ళు తెల్లటోపీ కోసం వెతికాయి. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే మనిషే కదా, ఇప్పుడొచ్చాడేమో అని ఒక్క క్షణం నమ్మింది. బావి దగ్గర టోపీ పెట్టుకున్న ముసలాయన ఒకడు ఉన్నాడు కూడా. ఆయన తన మనవరాలికి నీళ్ళు తాగిస్తున్నాడు.

ఆమె అక్కడే ఆగిపోయింది. గట్టు మీదనుంచి కింద రేవు కనిపిస్తోంది. ఓడల మధ్య సందులోకి టార్చీలు వేసి చూస్తున్నారు. నెరిసిన జుట్టు పడవవాడొకడు ఒంటిమీది పొడుగు అంగీ, గలాబియాను తల మీదుగా లాగేసి, నడుముకు తాడు కట్టించుకుంటున్నాడు. ఓడల కింద నీళ్ళలో ఒరుసుకుపోయే ఇనుము, చీకటి. అతను దిగబోతున్నాడు.

"ఆపండి!" అని అరిచింది ఇన్సాఫ్. పరిగెత్తుకుంటూ వచ్చి వగ్దీని స్తంభం మీదనుంచి కిందికి లాగింది. "ఆపమను! అతన్ని నీళ్ళలోకి దిగొద్దను! షౌకీ పోయారు బాబూ. నాలుగేళ్ళ కిందటే చనిపోయారు. నాతో రాలేదు. గదిలో ఎవరూ లేరు. నేను అబద్ధం చెప్పాను."

వగ్దీ ముఖం ఎర్రబడింది. ముందు ఫోనులో రేవుకు చెప్పి పడవవాణ్ణి ఆపించాడు. ఆ తర్వాత ఈమె మీద విరుచుకుపడ్డాడు.

"మా అమ్మ మొక్కుకుందండీ! పొద్దుట్నుంచి తిండి సరిగ్గా తినలేదు మీ ఆయన కోసం! ఇంతమందిని పరిగెత్తించారు, నీళ్ళలోకి ఒకడు దిగబోయాడు. టీచరు అయ్యుండి ఎలా చేశారండీ ఈ పని?"

"ఎలా చేశానో నాకూ తెలీదు" అంది ఇన్సాఫ్. "ఎవరూ ఆయన్ని అడగరు బాబూ. మీ అమ్మ అడిగింది."

చుట్టూ చేరినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఒకామె పిచ్చిదేమోనని పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుంది. వగ్దీ తల్లికి ఫోను చేసి చెప్పాడు. ఆమె అంతా విని, ఫోను టీచరమ్మకివ్వమంది.

తిట్లకు సిద్ధపడి ఇన్సాఫ్ ఫోను చెవికి పెట్టుకుంది.

"పరామర్శకు ఎవరొచ్చారే నీకు?" అంది పెద్దావిడ.

"ఎవరూ రాలేదమ్మా. అంటురోగం రోజులు. రానివ్వలేదు. పూడ్చే దగ్గరికి నన్నూ పోనివ్వలేదు. కుర్చీలు వేయలేదు, ఖురాన్ చదివించలేదు. ఫోన్లు చేశారు, తర్వాత అవీ ఆగిపోయాయి."

అవతల ముక్కు చీదిన చప్పుడు. "నామీద ఒట్టు, నిన్ను తర్వాత తిడతా. తీరిగ్గా తిడతా. ముందు ఇది విను. మిగిలేవాడు దేవుడొక్కడే తల్లీ. మీ ఆయనకు మిగిలిపోయిన ఆయుష్షు నీకు కలవాలి."

చావు కబురు విన్న ప్రతి మనిషీ చెప్పే మాటే అది. ఇన్సాఫ్ కూడా ఊళ్ళో ఎంతమందికో చెప్పింది. ఎదురుగా నిలబడి ఆమెకు చెప్పినవాళ్ళు లేరు. ఫోను తిరిగిచ్చి అక్కడే రాతి మీద కూర్చుండిపోయింది. వగ్దీ కాసేపు అటూ ఇటూ చూశాడు. కోపం పోలేదు గానీ, వంగి అదే మాట చెప్పాడు. శాలువాలమ్మే అతను తెల్లటోపీ సంగతి తలుచుకుని తల దించుకుని చెప్పాడు. పిల్లాణ్ణి లాక్కున్న ఆవిడ చెప్పకుండానే వెళ్ళిపోయింది.

కబురు ఒకరినుంచి ఒకరికి పాకుతోంది. ఆవరణలో పిలుపులు ఆగాయి. స్తంభాల దగ్గర ఆగాయి. మెట్ల వైపు ఆడవాళ్ళ గొంతులు ఆగాయి. ఇన్సాఫ్ ఒక్కొక్కటీ ఆగడం వింటోంది. ఇక రేపటినుంచి భోజనాల దగ్గర అందరికీ తను తెలుసు. ఎవరూ మనవాడు ఎలా ఉన్నాడని అడగరు. షౌకీ ఇందాక పోయాడు. ఇప్పుడు ఆమెకు కొత్తగా ఏడుపొచ్చింది.

గుడి వెనక గోడ అవతల ఒక కాపలాదారు ఉన్నాడు. అటు ఎవరూ వెళ్ళి చెప్పినట్టు లేరు. అతను ఇంకా పిలుస్తూనే ఉన్నాడు.

"హాజీ షౌకీ!"

"అయ్యో, వాడికి తెలీదు" అంటూ వగ్దీ అటు కదిలాడు.

ఇన్సాఫ్ అతని చొక్కా చేతిని గట్టిగా పట్టుకుంది.

"ఉండు బాబూ. పిలవనివ్వు."

వగ్దీ ఆగాడు. గోడ అవతల ఆ మనిషి గొంతు సవరించుకుని, ఈసారి ఇంకాస్త గట్టిగా పిలిచాడు.